వేడి తెలియని కాలు

కాలింది అక్క పిక్క. మండిపడుతున్నది మా అత్తగారు.

“నోట్లో నాలుక లేదా నీకు? కాలితే కాలిందని చెప్పడానికి ఏమొచ్చింది?” అంటూ ఆవిడ చిన్న ఇస్త్రీపెట్టెను బల్ల మీద ఠంగుమని పెట్టారు.

మా లాండ్రీ వెనక గదిలో, మడతల బల్ల పక్కనున్న బెంచీ మీద అక్క బోర్లా పడుకుని ఉంది. పని ప్యాంటు ఎడమ కాలు మోకాలి పైదాకా మడిచి ఉంది. పిక్క మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో ఎర్రటి మచ్చ. మచ్చ మధ్యలో అప్పుడే నీరు పట్టి ఉబ్బుతున్న బొబ్బ. గదంతా బట్ట మాడిన వాసన.

ఒంటి నొప్పులకు మా అత్తగారి దగ్గరున్న మందు ఒకటే. తడి తువ్వాలును నాలుగు మడతలు వేసి నొప్పి ఉన్నచోట పరచడం, దాని మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించడం. “ఓర్చుకున్నంతసేపు ఓర్చుకో, ఇక చాలనిపిస్తే చెప్పు” అంటారు. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో ఇదే వైద్యం. నా భుజానికీ చేశారు, మా ఆయన మెడకీ చేశారు. రెండు నిమిషాలు తిరక్కుండానే “చాలు చాలు” అని మొత్తుకున్నవాళ్లమే అందరం.

ఇవాళ అక్క కాలు ఈడుస్తూ నడవడం చూసి ఆవిడే పడుకోబెట్టారు. అక్క చాలనలేదు. తువ్వాల్లో తడి ఆరిపోయి, బట్ట మాడి, వాసన ముక్కుకు తగిలేదాకా కిమ్మనకుండా పడుకుంది.

“తెలియలేదు అత్తయ్యా,” అంది తల తిప్పకుండా.

“ఏం తెలియలేదు?”

“వేడి.”

అత్తగారు నా వైపు చూశారు. నేను బట్టల బుట్ట వైపు చూశాను.

“విన్నావా చిన్నమ్మాయ్, మీ అక్క మాట? నిన్నటిదాకా ఈ కాలే కదా నిప్పులు పోసినట్టు మండుతోందని ఇల్లు ఎగరగొట్టింది? ఇవాళ నిజంగా నిప్పు పెడితే తెలియలేదట. నన్ను రాక్షసిని చెయ్యడానికి కాకపోతే ఏంటిది?”

“అమ్మా,” అన్నారు బావగారు పెద్ద మిషన్ దగ్గర్నుంచి. ఈయన అక్క భర్త, ఈ ఇంటి పెద్ద కొడుకు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఆ మిషన్‌తోనే.

“ఏంట్రా అమ్మా? నా చెయ్యి చూడు, ఎలా వణుకుతోందో. కావాలని కాల్చానా? అడుగుతూనే ఉన్నాను, చాలా, చాలా అని. ఉలకదు, పలకదు.”

కోపం నిజమే, భయం అంతకంటే నిజం. ఈవిడకి భయమేసినప్పుడల్లా ఎదుటివాళ్ల మీద అరుస్తారని ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడకు తప్ప.

బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి బొబ్బ చూశారు. తర్వాత తల ఎత్తి నన్ను అడిగారు.

“డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లింది నువ్వే కదా?”

“నేనే బావగారూ.”

“ఏమన్నారు?”

“ఎక్స్‌రే బాగుందన్నారు. కాల్లో ఏమీ లేదన్నారు.”

“మళ్లీ చెప్పు,” అన్నారు అత్తగారు. “అందరూ వినేలా చెప్పు.”

“కాల్లో ఏమీ లేదన్నారు,” అన్నాను.

అక్క బెంచీ మీద మెల్లగా పక్కకు తిరిగింది. నన్ను చూసి, తప్పంతా తనదే అన్నట్టు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను బర్నాల్ ట్యూబు వెతికే నెపంతో ముందు గదిలోకి వెళ్లిపోయాను.

కాల్లో ఏమీ లేదు. అబద్ధం కాదు, డాక్టరమ్మ నోటినుంచి వచ్చిన మాటే. కాకపోతే సగం మాట. మిగతా సగం మూడు వారాలుగా నా దగ్గరే ఉంది.

ఆ రోజు అక్క ఎక్స్‌రే గదిలో బట్టలు మార్చుకుంటుంటే డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచారు. ఏదో ఆపరేషన్‌కి పిలుపు వచ్చి హడావిడిలో ఉన్నారు. “అనుకున్నట్టే కాల్లో ఏమీ లేదు. గొడవ నడుంలో ఉంది,” అన్నారు. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు ఉంటాయట. ఏళ్ల తరబడి బరువులు ఎత్తి, నడుం తిప్పి పనిచేస్తే అవి తొందరగా ఎండి, అరిగి, పలచబడతాయట. అంచు చిట్లితే లోపలి గుజ్జు పక్కకు జరిగి కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతుందట.

“మరి నడుం నొప్పి తగ్గిందనే అంటోంది కదా డాక్టర్ గారూ, ఇప్పుడు కాలే అంటోంది,” అన్నాను.

“వీధి గుమ్మం దగ్గర బెల్లు నొక్కితే వంటింట్లో మోగుతుంది కదమ్మా. మోగుతోంది కదా అని వంటింట్లో వెతికితే ఎవరు దొరుకుతారు?”

నడుంకి స్కాన్ రాసిచ్చారు. బరువులు ముట్టకూడదన్నారు. లేచి నిలబడి, చేతిలో కాగితం పెడుతూ చివరగా ఇంకోమాట చెప్పారు. “కూర్చున్నచోట మొద్దుబారినా, మూత్రం బంద్ అయినా, ఒక్క పూట కూడా ఆగొద్దు. వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే కొన్ని తిరిగి రావు. ఆవిడకి మీరే వివరంగా చెప్పండి.”

తల ఊపాను. బయటికొచ్చాక అక్క “ఏమన్నారే?” అని అడిగింది. “ఎక్స్‌రే బాగుందట. కాల్లో ఏమీ లేదట,” అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

మా అత్తగారి చూపు మందగిస్తోంది. వచ్చే నెల నుంచి కౌంటర్ నాకు అప్పగిస్తామన్నారు. కౌంటర్ అంటే ముందు గది. పొడి నేల, కుర్చీ, ఫ్యాను, వచ్చేపోయే మనుషులు. వెనక గది అంటే ఆవిరి, రబ్బరు బూట్లు, నీళ్లోడే దుప్పట్లు. పెళ్లయి ఏడేళ్లు. ఈ ఏడేళ్లూ నా వేళ్లు నానిన అట్టముక్కల్లాగే ఉన్నాయి. ఇంట్లో బరువెత్తకూడని మనిషి ఒకరున్నారని తెలిస్తే ఆ కుర్చీ ఎవరిదవుతుందో చెప్పడానికి డాక్టర్ అక్కర్లేదు.

ముందు కౌంటర్‌లో కూర్చుంటాను, ఒక వారం పోయాక చెబుతాను అనుకున్నాను. కాలినొప్పితో ఎవరూ చచ్చిపోరు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో నన్ను వాగుడుకాయ అంటారు. అవసరమైనచోట మాత్రం నోరు కుట్టేసుకున్నాను.

“ట్యూబు దొరికిందా, లేక తయారు చేస్తున్నావా?” అని అత్తగారు లోపల్నుంచి కేకేశారు.

*

సాయంత్రం నాలుగింటికి హోటల్ వాళ్లకి రెండు వందల దుప్పట్లు ఇవ్వాలి. బొబ్బకు మందు రాశాక అక్క లేచి నిలబడింది. “నేను మడతలకు వస్తాను, బుట్టలు మీరెవరైనా ఎత్తండి,” అంది. ఎవరూ వద్దనలేదు.

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకుంటాం. రెండుసార్లు దులపడం, ఒకసారి గట్టిగా లాగడం, దగ్గరికి వచ్చి మూలలు కలపడం. ఏడేళ్లుగా రోజూ చేస్తున్న పని కాబట్టి మాకు ముఖాలు చూసుకోవాల్సిన పనిలేదు. ఆ చివర మనిషి అలిసిందో, అలిగిందో, ఆకలి మీదుందో బట్ట లాగిన తీరే చెప్పేస్తుంది.

రెండు నెలలుగా ఎడమ మూలలో బిగువు తగ్గుతోంది. ఇవాళ అసలే లేదు. నేను లాగితే దుప్పటితోపాటు అక్క కూడా ముందుకు వచ్చేస్తోంది.

“మెల్లగా లాగవే,” అంది.

“మెల్లగానే లాగాను అక్కా.”

“అవునా,” అంది.

నడిచి దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె ఎడమ పాదం ముందు వేళ్లు ఆని, తర్వాత చప్పున నేల మీద పడుతోంది. ఆ చప్పుడు తడినేల మీద గదంతా వినిపిస్తోంది. బావగారు మిషన్ తలుపు మూస్తూ ఒకసారి అటు చూసి, మళ్లీ మిషన్‌లోకి తలపెట్టారు.

పది దుప్పట్లు అయ్యాయి. అక్క “ఒక్క నిమిషం” అని బాత్రూమ్‌కి వెళ్లింది. ఒక్క నిమిషం పది నిమిషాలైంది. తిరిగొచ్చి ఇంకో ఐదు దుప్పట్లు మడిచింది. మళ్లీ “ఒక్క నిమిషం” అంది.

“పని దొంగలకి దారి బాగా తెలుసు,” అన్నారు అత్తగారు కౌంటర్ దగ్గర్నుంచి, ఎవరినీ ఉద్దేశించనట్టు.

నేను దుప్పటి బల్ల మీద పడేసి వెళ్లి తలుపు తట్టాను.

“అక్కా.”

మళ్లీ తట్టాను.

“అక్కా, బాగానే ఉన్నావా?”

గడియ తీసిన చప్పుడైంది. సందులోంచి చూస్తే అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నుదుటి నిండా చెమట.

“గట్టిగా మాట్లాడకు,” అంది. “ఆయన వింటారు.”

“ఏమైంది?”

“రావట్లేదే.”

“ఏం రావట్లేదు?”

“ఒంటేలు.” గొంతు బాగా తగ్గించింది. “రాత్రి పడుకునే ముందు వెళ్లానంతే. పొట్ట రాయిలా ఉంది. కూర్చుంటే రావట్లేదు. అసలు కూర్చున్నట్టే తెలియట్లేదు. చేత్తో తడుముకున్నా నాది కానట్టుంది.”

డాక్టరమ్మ గొంతు చెవిలో ఉన్నదున్నట్టు వినిపించింది.

“ఎప్పటినుంచి?”

“తెల్లవారి లేచినప్పటినుంచి. రాత్రి ఆ పెద్ద బుట్ట ఎత్తినప్పుడు లోపల ఏదో చిట్లినట్టయింది. అప్పుడు కాలినొప్పి కూడా పోయింది, తెలుసా? హమ్మయ్య అనుకున్నాను.” మళ్లీ ఆ వెర్రినవ్వు నవ్వింది. “ఇప్పుడు ఈ సంగతి బయట ఎవరితో చెప్పను? అత్తయ్య వింటే ఇది కూడా నాటకమే అంటుంది. ఆయనతో అయితే నోరు రాదు. సాయంత్రం లోడ్ పోయాక చూద్దాం. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు చెల్లీ. ఒట్టు వెయ్యి.”

“సాయంత్రందాకా ఎందుకు అక్కా?”

“ఒట్టు వెయ్యమన్నానా?”

వేశాను. వేసి, వెనక్కి వచ్చి, దుప్పటి అందుకున్నాను. చెప్పాలంటే ఆస్పత్రి అనాలి. ఆస్పత్రి అంటే ఎందుకంటారు. ఎందుకో నాకెలా తెలుసంటారు. తెలిసినదాన్ని మూడు వారాలు ఏం చేశావంటారు. ఇంకో ఐదు, ఇంకో ఐదు అంటూ అరగంట గడిపాను.

ఇరవై ఐదో దుప్పటో ఇరవై ఆరోదో, లాగాను. అటు చివర బట్ట జారిపోయి, నా చేతుల్లో ఖాళీగా వేలాడింది. అక్క నేల మీద కూర్చుండిపోయి ఉంది. కూర్చోవాలని కూర్చోలేదు.

“నన్ను లేపు,” అంది మెల్లగా. “అత్తయ్య చూడకముందే లేపు.”

నేను లేపలేదు. సరాసరి ముందు గదిలోకి వెళ్లాను.

*

కౌంటర్ కింద ఒక రేకు డబ్బా ఉంటుంది. ఉతకడానికి ముందు జేబులు వెతకడం నా పని. దొరికిన టిక్కెట్లూ, ఉత్తరాలూ, మందుచీటీలూ కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేస్తాం. ఎవరూ అడగనివి ఆ డబ్బాలో పడేస్తాం. ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ భద్రంగా అందించే నేను, మా అక్క కాగితాన్ని తీసుకెళ్లి ఆ డబ్బా అడుగున పెట్టాను. అక్కడ ఎవరూ వెతకరని.

“ఏంటా వెతుకులాట? ఎవరైనా వచ్చారా?” అన్నారు అత్తగారు.

“వ్యాన్ ఎక్కడుంది?”

“వ్యాన్ ఎందుకు? నీకేమైనా పిచ్చా? ఇప్పుడే వాడు మొదటి మూటలు ఎక్కిస్తున్నాడు.”

“దింపెయ్యమనండి. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్లాలి.”

“బొబ్బకా?”

“బొబ్బకి కాదు అత్తయ్యా.”

నా గొంతు విని బావగారు గుమ్మందాకా వచ్చారు. మా ఆయన కూడా భుజం మీద మూటతోనే వెనక తలుపు దగ్గర ఆగిపోయారు. నేను కాగితాన్ని బావగారి చేతిలో పెట్టాను.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. వేలు పెట్టి పైన తారీఖు చూశారు.

“ఇది ఆ రోజుదే కదా.”

“అవును.”

“స్కాన్ అని ఉంది. నడుంకి.”

“అవును బావగారూ. కాల్లో ఏమీ లేదు, నడుంలో ఉంది అన్నారు. బరువులు ఎత్తకూడదన్నారు. కూర్చున్నచోట మొద్దుబారినా, మూత్రం ఆగినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ రెండూ ఇవాళ వచ్చేశాయి. అక్క సిగ్గుపడి చెప్పట్లేదు. ఒట్టు కూడా వేయించుకుంది.”

లోపల పెద్ద మిషన్ ఒక్కటే గడగడమని తిరుగుతోంది. మా అత్తగారు కౌంటర్ మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి వైపే చూస్తూ, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

“అయితే దానికి నిజంగానే వేడి తెలియలేదా?” అన్నారు. ఎవరినీ అడగలేదు.

మా ఆయన మూట దించారు. “ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?”

నేను రేకు డబ్బాకు మూత పెట్టాను.

“అడుగుతున్నాను. ఎందుకు దాచావు?”

“కౌంటర్ కోసం,” అన్నాను.

“దేనికోసం?”

“కౌంటర్ కోసం. బరువులు ఎత్తకూడదని తెలిస్తే అక్కని ఇక్కడ కూర్చోబెడతారు. నేను ఎప్పటికీ వెనక గదిలోనే ఉండాలి. అందుకని.”

చెప్పేసరికి ఎంత చిన్న మాటో తెలిసింది. మూడు వారాలుగా నా లోపల అది చాలా పెద్ద కారణంలా కూర్చుంది. నలుగురి ముందు పెట్టేసరికి ఒక కుర్చీ, ఒక ఫ్యాను మిగిలాయి. మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

“నడవగలదా?” అన్నారు బావగారు.

“లేదు. వెనక గదిలో నేల మీద…”

వెనక్కి తిరిగాను. అక్క నేల మీద లేదు. గుమ్మం అవతల, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. రెండు చేతులతో తలుపు, ఒక కాలితో నేల. ఎలా వచ్చిందో, ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. ముఖం చూస్తే అన్నీ విందని మాత్రం తెలుస్తోంది.

“అక్కా,” అన్నాను.

నా మీదుగా బావగారి వైపు చూసింది. “నన్ను ఎత్తుకోండి,” అంది. “నేను నడవలేను.”

*

వ్యాన్‌లో ఉతికిన దుప్పట్ల మూటల మీదే పడుకోబెట్టాం. బావగారు నడిపారు. అత్తగారు అక్క తల ఒళ్లో పెట్టుకున్నారు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను, మూలమలుపుల్లో జారిపోకుండా పట్టుకోవడానికి. పట్టుకున్నట్టు ఆమెకు తెలుస్తోందో లేదో అడిగే ధైర్యం లేకపోయింది.

“నొప్పి ఉందా తల్లీ?” అన్నారు అత్తగారు. ఆవిడ నోట ‘తల్లీ’ అన్న మాట నేను అప్పుడే విన్నాను.

“లేదు అత్తయ్యా.”

“లేకపోతే మంచిదే కదా?”

ఆవిడ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆస్పత్రిలో అదృష్టం కొద్దీ ఆ డాక్టరమ్మే ఉన్నారు. కాగితం చూడగానే నన్ను గుర్తుపట్టారు. తెర లాగి, అక్కని ఒక్కో చోట సూదిమొనతో తాకుతూ “ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?” అని అడుగుతుంటే, అక్క “లేదు, లేదు” అంటుంటే, తెర ఇవతల మేం ముగ్గురం ఒక్కో ‘లేదు’నూ లెక్కపెడుతూ నిలబడ్డాం. పాదం బొటనవేలు పైకి ఎత్తమన్నారు. అక్క “ఎత్తాను కదా” అంది. డాక్టరమ్మ ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

గొట్టం పెట్టించి మూత్రం తీయించారు. వెంటనే స్కాన్‌కి పంపారు. గంట తర్వాత బయటికొచ్చి, మెడలోని స్టెతస్కోపు తీసి చేతిలో చుట్టుకుంటూ బావగారితో మాట్లాడారు.

“కింద నుంచి రెండో డిస్కు చాలా అరిగి ఉంది. ఇప్పుడు పూర్తిగా పగిలి, కిందికి వెళ్లే నరాల కట్టనంతా నొక్కేస్తోంది. ఆపరేషన్ చెయ్యాలి. రేపు కాదు, ఇప్పుడే.”

“చేస్తే బాగైపోతుందా?” అన్నారు బావగారు.

“నొక్కుడు తీసేస్తాను. అంతవరకు నా పూచీ. కాలి బలం, మూత్రం అదుపు ఎంత తిరిగొస్తాయో మాట ఇవ్వలేను. తొందరగా వచ్చినవాళ్లకి ఆశ ఎక్కువ.”

“మేం తొందరగానే వచ్చామా?”

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. “ఆ రోజు నేను చెప్పింది మీకే కదా?”

“నాకే.”

“స్కాన్ ఎందుకు చేయించలేదు?”

మళ్లీ అదే ప్రశ్న. బావగారు వింటున్నారు. అత్తగారు గోడ పట్టుకుని వింటున్నారు. మళ్లీ చెప్పడానికి నోరు తెరిచాను గానీ, డాక్టరమ్మకు నా జవాబు వినే తీరిక లేదు. “సరే, పదండి, సంతకాలు,” అని నర్సును పిలిచి వెళ్లిపోయారు.

తెర లోపలికి వెళ్లాం. అక్కకు అప్పటికే ఆకుపచ్చ గౌను తొడిగారు. నర్సు అట్టకు బిగించిన కాగితాలు తెచ్చి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది. అక్క పడుకునే పెట్టింది. చెయ్యి మాత్రం గట్టిగానే ఉంది.

“ఆపరేషన్ అయ్యాక దగ్గర ఒక ఆడమనిషి ఉండాలమ్మా,” అంది నర్సు. “పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, గొట్టం సంచి చూసుకోవడం, అన్నీ చెయ్యాలి. ఎన్నాళ్లో చెప్పలేం. ఎవరుంటారు?”

“నేనుంటాను,” అన్నారు అత్తగారు ముందుకు వచ్చి. “నేనే చేస్తాను.”

“మీకు చూపు ఆనదు అత్తయ్యా,” అంది అక్క మెత్తగా. తర్వాత, ఇల్లు వదిలినప్పటినుంచి మొదటిసారి, నా ముఖంలోకి చూసింది. కోపం ఉంటుందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు.

“ఈవిడ ఉంటుంది,” అంది. “ఎన్నాళ్లయితే అన్నాళ్లు.”

“ఉంటాను అక్కా,” అన్నాను. క్షమించిందో, శిక్ష వేసిందో అడగాలనిపించింది. ఏది చెప్పినా తట్టుకోలేననిపించింది.

నర్సు కలం తీసింది. “పేషెంటుకి ఏమవుతారు?” అని నన్ను అడిగింది.

నాకంటే ముందు అక్కే చెప్పేది, ఎప్పుడూ. బట్టలిచ్చేవాళ్లకి, పక్కింటివాళ్లకి, ఈ ఆస్పత్రిలోనే మొన్న చీటీ రాసిన అతనికి. ఏడేళ్లుగా ఎవరు అడిగినా నా భుజం మీద చెయ్యేసి, మా చెల్లెలు అనే చెప్పింది. ఒక కడుపున పుట్టలేదంటే జనం నమ్మేవాళ్లు కాదు.

ఇప్పుడు కూడా అక్కే చెప్పింది.

“మా మరిది భార్య.”

నర్సు రాసుకుంది. ఇద్దరు మనుషులు వచ్చి స్ట్రెచర్ బ్రేకులు తీశారు.